మార్కులు అంతంతమాత్రమే? అయినా స్టేట్ యూనివర్సిటీ సీటు ఎలా కొట్టాలి: నల్గొండ, పాలమూరు పిల్లల కోసం సమగ్ర మార్గదర్శి

ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన వారం మన దగ్గర ప్రతి ఊర్లో ఒకటే మాట: "ఐదొందల చిల్లర వచ్చినయ్, ఇక ఏ యూనివర్సిటీ ఇస్తది సీటు?" ఈ మాట విని ఎంతమంది పిల్లలు చదువు ఆపేసి హైదరాబాద్‌లో చిన్న చిన్న పనులకు పోయారో మీ ఊర్లో మీకే తెలుసు. అందుకే ముందే చెప్తున్నా. స్టేట్ యూనివర్సిటీలో సీటు పోయేది మార్కుల వల్ల తక్కువ. ఆప్షన్లు సరిగ్గా పెట్టకపోవడం వల్ల, సర్టిఫికెట్ లేకపోవడం వల్ల, తేదీ దాటిపోవడం వల్ల పోయేవే ఎక్కువ. ఈ మూడూ మీ చేతిలో ఉన్నవే.

మెల్లగా చదవండి, ఇంట్లో నాన్నకో అక్కకో కూడా చదివి వినిపించండి, ఎందుకంటే ఇందులో సగం పనులు వాళ్లు చేయాల్సినవి.

ముందు మీరు ఎక్కడ ఉన్నారో చూసుకోండి

ఇంటర్ బోర్డు మెమో మీద 750, ఆ పైన ఉంటే 'ఏ' గ్రేడ్, 600 నుంచి 749 వరకు బీ, 500 నుంచి 599 వరకు సీ, 350 నుంచి 499 వరకు డీ. ఈ గైడు ముఖ్యంగా సీ, డీ వాళ్ల కోసం, బీలో కింది వైపు ఉన్నవాళ్ల కోసం కూడా.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. "యూనివర్సిటీలో సీటు" అనగానే మనకు నల్గొండలో అన్నెపర్తి దగ్గర మహాత్మా గాంధీ యూనివర్సిటీ క్యాంపస్సో, మహబూబ్‌నగర్‌లో బండమీదిపల్లి దగ్గర పాలమూరు యూనివర్సిటీ క్యాంపస్సో గుర్తొస్తుంది. కానీ డిగ్రీ స్థాయిలో ఎక్కువ సీట్లు ఉండేది క్యాంపస్‌లో కాదు, అనుబంధ కాలేజీల్లో. నల్గొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాల కాలేజీలు ఎంజీయూ కిందకి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట కాలేజీలు పాలమూరు యూనివర్సిటీ కిందకి వస్తాయి. మీరు నల్గొండ నాగార్జున గవర్నమెంట్ కాలేజీలో చదివినా, మహబూబ్‌నగర్ ఎంవీఎస్ గవర్నమెంట్ కాలేజీలో చదివినా, జడ్చర్ల బీఆర్ఆర్ కాలేజీలో చదివినా చివరికి పట్టా మీద ఉండేది యూనివర్సిటీ పేరే. క్యాంపస్ మీద మనసుంటే అది పీజీలో తీర్చుకోవచ్చు, దాని దారి కింద చెప్తాను.

రీకౌంటింగ్, రీవెరిఫికేషన్ సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోండి. ఒక పేపర్‌లో మీరు అనుకున్నదానికీ వచ్చినదానికీ బాగా తేడా ఉంటే రీకౌంటింగ్‌కు పేపర్‌కి 100 రూపాయలు, రీవెరిఫికేషన్‌కు 600 కట్టాలి, గడువు మాత్రం రిజల్ట్స్ తర్వాత కొన్ని రోజులే. ఊరికే అనుమానంతో అన్ని పేపర్లకూ కట్టొద్దు, నిజంగా నమ్మకమున్న ఒక్కదానికి కట్టండి. ఇంకా ఫస్టియర్‌లో ఉండి ఇది చదువుతున్నవాళ్లకు మరో అవకాశం ఉంది: అన్నీ పాసైనా సప్లిమెంటరీ టైంలో ఇంప్రూవ్‌మెంట్ రాయొచ్చు, రెండింట్లో ఏది ఎక్కువైతే అదే లెక్కలోకి వస్తుంది, తగ్గితే నష్టం లేదు.

కాగితాలు: రిజల్ట్స్ కంటే ముందే

నా దృష్టిలో మొత్తం ప్రక్రియలో ఇదే అసలైన పని, అందుకే దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

డిగ్రీ అడ్మిషన్లు దాదాపు అన్నీ దోస్త్ (డిగ్రీ ఆన్‌లైన్ సర్వీసెస్ తెలంగాణ) ద్వారానే జరుగుతాయి. 2016లో మొదలైంది ఇది. ఉస్మానియా, కాకతీయ, తెలంగాణ, శాతవాహన, పాలమూరు, మహాత్మా గాంధీ యూనివర్సిటీలు, కోఠి మహిళా విశ్వవిద్యాలయం (ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరుతో ఉంది), వీటి కాలేజీల సీట్లు ఒకే పోర్టల్‌లో ఉంటాయి. అందులో రిజిస్టర్ కావాలంటే ఆధార్‌కు లింకైన ఫోన్ నంబర్ కావాలి. మన ఊళ్లలో ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే: ఆధార్ చిన్నప్పుడెప్పుడో తీసింది, దానికి ఏ నంబరూ లేదు, ఉన్నా అది అన్న వాడి వదిలేసిన సిమ్. రిజల్ట్స్ వచ్చాక పోతే ఆధార్ సెంటర్ల దగ్గర రద్దీ, కాబట్టి పరీక్షలు అయిపోయిన వారంలోనే మీ సొంత నంబర్ లింక్ చేయించుకోండి. మీ పేరు మీద ఫోన్ లేకపోతే అమ్మదో నాన్నదో పెట్టుకోండి కానీ, మూడేళ్ల పాటు మార్చని నంబరే పెట్టండి. ఒక నంబర్ మీద ఒక్క అప్లికేషనే అవుతుంది, ఓటీపీలన్నీ దానికే వస్తాయి. ఇంటర్నెట్ సెంటర్ వాళ్ల నంబర్ ఇవ్వనే ఇవ్వొద్దు. ఫీజు కట్టి సీటు వచ్చాక ఆ ఓటీపీ కోసం మీరు వాళ్ల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

తర్వాత కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్. రెండూ మీసేవలో తీసుకున్నవై ఉండాలి, వాటి మీద నంబర్ ఉంటుంది, దోస్త్‌లో ఆ నంబరే కొట్టాలి. ఆదాయం సర్టిఫికెట్ ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసినదై ఉండాలి. నిరుడు అక్క కోసం తీసింది ఇంట్లో ఉందని దాన్నే పెట్టేవాళ్లున్నారు, అది చెల్లదు. ఏప్రిల్ మొదటి వారంలోనే మీసేవకు పోయి అప్లై చేస్తే ఆర్ఐ విచారణ, తహసీల్దార్ సంతకం అయ్యేలోపు పది పదిహేను రోజులు పట్టినా ఫికర్ ఉండదు. ఆ సర్టిఫికెట్ లేకపోతే ఏమవుతుందంటే, సీటు వస్తుంది కానీ ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు మీరు అర్హులని సిస్టమ్‌కు తెలియదు, సీటు ఖాయం చేసుకునేటప్పుడు డబ్బు కట్టమని అడుగుతుంది. ఊర్లో ఉండే బీసీ, ఈబీసీ కుటుంబాలకు ఆదాయ పరిమితి ఏడాదికి లక్షన్నర, పట్టణంలో ఉంటే 2 లక్షలు, ఎస్సీ, ఎస్టీలకు 2 లక్షలు. ఓసీ పిల్లల్లో ఈడబ్ల్యూఎస్ రిజర్వేషన్‌కు అర్హత ఉన్నవాళ్లు ఆ సర్టిఫికెట్ విడిగా తీసుకోవాలి, మామూలు ఆదాయం సర్టిఫికెట్‌తో ఆ కోటా రాదు.

పేర్లు ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరం, కులం సర్టిఫికెట్‌లో నాన్న పేరు ఇంకోలా ఉంటుంది. టెన్త్ మెమోలో ఉన్నదే ఆధారం, మిగతావాటిని దానికి సరిపోయేలా మార్పించుకోండి. ఎన్‌సీసీ, స్పోర్ట్స్, దివ్యాంగులు, సైనికుల పిల్లలు, ఈ కేటగిరీల వాళ్లకు సర్టిఫికెట్ల పరిశీలన వేరే రోజు పెడతారు, ఆ రోజు పోకపోతే ఆ కోటా పోయినట్టే. ఎన్‌సీసీ సర్టిఫికెట్ ఉండి కూడా ఎవరూ చెప్పక పెట్టనివాళ్లు ఎంతమందో.

వెబ్ ఆప్షన్లు: సీటు నిర్ణయమయ్యేది ఇక్కడే

మొదటి విడత రిజిస్ట్రేషన్ ఫీజు 200, తర్వాతి విడతల్లో 400 తీసుకుంటున్నారు. మొదటి విడతలోనే దిగండి. తక్కువ మార్కులు వచ్చినవాళ్లు "మంచి మార్కుల వాళ్లందరూ పోయాక చూద్దాం" అని ఆగుతారు, అది తప్పు లెక్క. మొదటి విడతలో సీట్లన్నీ ఖాళీగా ఉంటాయి, రెండో విడతకు మిగిలినవే ఉంటాయి, పైగా ఇంజనీరింగ్ సీటు రానివాళ్లు కూడా అప్పుడే వచ్చి కలుస్తారు.

సీటు కేటాయింపు ఎలా జరుగుతుందో అర్థమైతే సగం టెన్షన్ పోతుంది. ఇంటర్ మార్కుల మెరిట్, మీ రిజర్వేషన్, మీరు పెట్టిన ఆప్షన్ల వరుస, ఈ మూడింటినీ కలిపి కంప్యూటర్ చూస్తుంది. మీ నంబర్ వచ్చినప్పుడు మీ మొదటి ఆప్షన్‌లో సీటుందా అని చూస్తుంది, లేకపోతే రెండోది, తర్వాత మూడోది. రాదని తెలిసిన కాలేజీని పైన పెట్టినంత మాత్రాన కింద ఉన్న ఆప్షన్‌లో మీ అవకాశం తగ్గదు. అందుకే ఆశ ఉన్నదాన్ని పైన, కచ్చితంగా వచ్చేదాన్ని కింద, మధ్యలో నిజంగా సరిపోయేవి పెట్టాలి. ఒకటీ రెండే ఆప్షన్లు పెట్టి వదిలేయడం మనవాళ్లు చేసే అతి పెద్ద పొరపాటు. కనీసం పది పదిహేను పెట్టండి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. దేవరకొండ పక్క తండా నుంచి ఒక అమ్మాయి, బైపీసీ, 540 మార్కులు, రోజూ బస్సులో పోయి రావాలా హాస్టల్‌లో ఉండాలా ఇంకా తేల్చుకోలేదు. ఆమె లిస్టు నేనైతే ఇలా రాయిస్తాను. పైన హైదరాబాద్ కోఠి మహిళా విశ్వవిద్యాలయంలో లైఫ్ సైన్సెస్ ఒకటి రెండు కాంబినేషన్లు, ఆశ కాబట్టి. తర్వాత నల్గొండ మహిళా డిగ్రీ కాలేజీలో బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ), అక్కడే మైక్రోబయాలజీ కానీ మరో కాంబినేషన్ కానీ ఉంటే అది. ఆ తర్వాత నాగార్జున కాలేజీలో అవే గ్రూపులు. దాని కింద దేవరకొండ ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో లైఫ్ సైన్సెస్, అన్నిటికీ అడుగున అదే కాలేజీలో బీఏ. సైన్స్ పిల్ల బీఏ ఎందుకు పెట్టాలి అంటారా? గ్రూప్స్, టీచర్ ఉద్యోగాలు మనసులో ఉన్నవాళ్లకు హిస్టరీ, పొలిటికల్ సైన్స్, ఎకనామిక్స్ నేరుగా పనికొస్తాయి, అందుకు. ఆ ఆలోచన లేకపోతే తీసేయండి, అది మీ ఇష్టం. కానీ కింది ఆప్షన్లు ఏవైనా సరే మీరు నిజంగా చేరేవే అయి ఉండాలి.

ప్రభుత్వ కాలేజీనా, ప్రైవేటా? నా మాట స్పష్టంగా చెప్తాను: మార్కులు తక్కువున్నవాళ్లు ప్రైవేటు కాలేజీల ఏజెంట్ల మాట వినొద్దు. రిజల్ట్స్ వచ్చిన రోజు సాయంత్రానికే ఫోన్లు మొదలవుతాయి, "మేమే దోస్త్ అప్లై చేస్తాం, ఫీజు మేమే కడతాం, ఒరిజినల్స్ తెచ్చివ్వండి" అని. మీ దోస్త్ లాగిన్ పిన్ వాళ్ల చేతిలో పడితే మీ ఆప్షన్లన్నీ వాళ్ల కాలేజీవే అవుతాయి. పిన్, ఓటీపీ, ఒరిజినల్ మెమో ఎవరికీ ఇవ్వొద్దు. సొంతంగా చేయడం రాకపోతే దగ్గర్లోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో దోస్త్ హెల్ప్‌లైన్ సెంటర్ ఉంటుంది, అక్కడ లెక్చరర్లు కూర్చోబెట్టి చేయిస్తారు.

కోర్సు ఎంపికలో కాస్త తెలివిగా ఉండండి. బీకాం కంప్యూటర్ అప్లికేషన్స్‌కు అందరూ ఎగబడతారు, పట్టణంలో పేరున్న కాలేజీల్లో అది తొందరగా నిండుతుంది. అదే కాలేజీలో మామూలు బీకాం, బీఏ, బీఎస్సీలో తక్కువమంది అడిగే కాంబినేషన్లు చాలాసార్లు సీ గ్రేడ్ వాళ్లకు కూడా దొరుకుతాయి. రాష్ట్రం మొత్తం మీద ప్రతి ఏడాదీ డిగ్రీ సీట్లు పెద్ద సంఖ్యలో మిగిలిపోతున్నాయి, అంటే పాసైన వాళ్లకు ఎక్కడో ఒకచోట సీటు లేదన్న మాటే లేదు. మంచి కాలేజీలో కొంచెం తక్కువ డిమాండ్ ఉన్న కోర్సా, పేరు లేని కాలేజీలో అందరూ అడిగే కోర్సా అంటే నేను మొదటిదే అంటాను. లెక్చరర్లు, ల్యాబ్, లైబ్రరీ ఉన్నచోట మూడేళ్లు గడిపితే ఆ తేడా పీజీ ఎంట్రన్స్‌లో కనిపిస్తుంది.

సీటు వచ్చాక

సీటు కేటాయించారని మెసేజ్ వస్తుంది. అక్కడితో అయిపోయిందనుకుని పొలం పనుల్లో పడిపోతే సీటు పోతుంది. గడువులోపు లాగిన్ అయ్యి ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్, అంటే ఆ సీటు నాకు కావాలని చెప్పడం, చేయాలి. ఇంకా మంచిది కావాలనుకుంటే, వచ్చిన సీటును ముందు సెల్ఫ్ రిపోర్ట్ చేసి పట్టుకుని, తర్వాతి విడతలో మళ్లీ ఆప్షన్లు పెట్టండి. పైది వస్తే కిందిది దానంతట అదే పోతుంది, అందుకే రెండో విడతలో ఇప్పుడున్న దానికంటే నిజంగా మెరుగైనవి మాత్రమే పెట్టాలి. అన్ని విడతలూ అయ్యాక కాలేజీకి స్వయంగా పోయి, ఫోన్‌కు వచ్చిన సీసీఓటీపీ ఇచ్చి సీటు ఖాయం చేసుకోవాలి. ఇది చేయనివాళ్ల సీటు రద్దవుతుంది. కాలేజీలో చేరాక గ్రూపు మారాలనిపిస్తే అదే కాలేజీ లోపల మారడానికి కూడా ఒక విడత పెడతారు.

సప్లిమెంటరీలో పాసైనవాళ్లకు తర్వాతి విడతల్లో చోటుంటుంది. చివర్లో స్పాట్ అడ్మిషన్లు ఉంటాయి కానీ స్పాట్‌లో చేరినవాళ్లకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు, ఇది తెలియక చేరి మొదటి సెమిస్టర్ ఫీజు కోసం అప్పు చేసే కుటుంబాలను చూస్తే బాధేస్తుంది.

ఎంట్రన్స్ ఉన్నచోట ఇంటర్ మార్కుల బరువు తగ్గుతుంది

ఇంజనీరింగ్, ఫార్మసీ మీద ఆశ ఉంటే వినండి. ఎంసెట్‌లో ఒకప్పుడు ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేది, తెలంగాణలో 2023 నుంచి దాన్ని పూర్తిగా తీసేశారు. ఇప్పుడు ఈఏపీసెట్ అని పిలిచే ఆ పరీక్షలో ర్యాంకు మీ ఎంట్రన్స్ మార్కులతోనే వస్తుంది. ఇంటర్‌లో గ్రూపు సబ్జెక్టుల్లో ఓసీలకు 45 శాతం, రిజర్వుడ్ వాళ్లకు 40 శాతం ఉంటే చాలు. 160లో 40 మార్కులు వస్తే ఓసీ, బీసీలు క్వాలిఫై అయినట్టు, ఎస్సీ, ఎస్టీలకు కనీస మార్కుల నిబంధన లేదు. మహాత్మా గాంధీ యూనివర్సిటీకి నల్గొండలోనే ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. కౌన్సెలింగ్ సైట్‌లో నిరుటి చివరి ర్యాంకుల పట్టిక పెడతారు, మీ కేటగిరీలో ఏ బ్రాంచి ఎంత ర్యాంకుకు ఆగిందో చూసి ఆప్షన్లు పెట్టుకోండి, ఊహల మీద కాదు.

లాసెట్ కూడా ఇలాంటిదే. ఇంటర్ తర్వాత ఐదేళ్ల లాకు ఓసీలకు 45, బీసీలకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం ఉండాలి. లా సీటు గురించి మన జిల్లాల్లో తక్కువమంది ఆలోచిస్తారు, ఆలోచించాల్సిన దారి అది. ఈ రెండు పరీక్షల్లోనూ నెగెటివ్ మార్కులు లేవు, ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలొద్దు.

డిగ్రీలో కూడా మార్కులు అంతంతమాత్రమే వస్తే

ఇప్పుడు డిగ్రీ ఫైనలియర్‌లో ఉన్న అన్నలకు, అక్కలకు. క్యాంపస్‌లో చదవాలన్న కోరిక తీరేది ఇక్కడే. ఉస్మానియా నుంచి పాలమూరు వరకు ఎంఏ, ఎంకాం, ఎమ్మెస్సీ లాంటి పీజీ సీట్లను సీపీగెట్ అనే ఒకే ఎంట్రన్స్‌తో నింపుతారు, దాన్ని ఉస్మానియా యూనివర్సిటీ నిర్వహిస్తుంది. 100 ప్రశ్నలు, 90 నిమిషాలు, నెగెటివ్ మార్కులు లేవు. ఎంఏ, ఎంకాం, ఎమ్మెస్సీలు చాలావాటికి డిగ్రీలో 40 శాతం ఉంటే రాయొచ్చు, ఎస్సీ, ఎస్టీలకు పాసైతే సరిపోతుంది. మీ సబ్జెక్టుకు ఏమడుగుతున్నారో ఆ ఏడాది నోటిఫికేషన్‌లో ఒకసారి చూసుకోండి. అర్హత దాటాక మీ 45 శాతమా పక్కవాడి 80 శాతమా అని చూడరు, ర్యాంకే చూస్తారు.

కాబట్టి డిగ్రీలో సగటు మార్కులున్న పిల్లలకు సీపీగెట్ కంటే న్యాయమైన అవకాశం లేదని నేను గట్టిగా నమ్ముతాను. దీనికి ప్రిపేర్ కావడానికి కోచింగ్ అక్కర్లేదు. మూడేళ్ల డిగ్రీ సిలబస్సే ఎంట్రన్స్ సిలబస్. మీ సబ్జెక్టు పుస్తకాలు, తెలుగు అకాడమీవైనా సరే, ముందు పెట్టుకుని ఒక్కో చాప్టర్ నుంచి సొంతంగా బిట్లు రాసుకోండి, పాత పేపర్లు టైం పెట్టుకుని చేయండి. వంద ప్రశ్నలకు తొంభై నిమిషాలంటే ప్రశ్నకు నిమిషం కూడా లేదు, వేగం అలవాటు కాకపోతే తెలిసిన జవాబులు కూడా మిగిలిపోతాయి.

కౌన్సెలింగ్‌లో అందరూ ఉస్మానియా క్యాంపస్, నిజాం కాలేజీ మీదే పడతారు. ర్యాంకు మధ్యస్తంగా ఉంటే ఎంజీయూ క్యాంపస్, పాలమూరు క్యాంపస్, పాలమూరు యూనివర్సిటీకి గద్వాల, వనపర్తి, కొల్లాపూర్‌లలో ఉన్న పీజీ సెంటర్లు మీ లిస్టులో తప్పకుండా ఉండాలి. ఆప్షన్ పెట్టేముందు ఆ కోర్సు రెగ్యులరా, సెల్ఫ్ ఫైనాన్సా చూడండి. పేరు ఒకటే ఉంటుంది, ఫీజు మాత్రం చాలా తేడా.

ఐసెట్‌తో ఎంబీఏ, ఎంసీఏ చేయాలంటే డిగ్రీలో ఓసీలకు 50, రిజర్వుడ్ వాళ్లకు 45 శాతం కావాలి. బీఈడీకి ఎడ్‌సెట్ ఉంది, దానికి 50, 40. ఈ గీతకు ఒకటి రెండు శాతం దూరంలో ఆగిపోయినవాళ్లు, పరీక్ష రాసే ముందే డిగ్రీలో ఇంప్రూవ్‌మెంట్‌కు అవకాశం ఉందేమో కాలేజీలో అడగండి. బ్యాక్‌లాగ్‌లు ఉంటే అన్నిటికంటే ముందు అవి. ఎంట్రన్స్‌లో మంచి ర్యాంకు వచ్చినా కౌన్సెలింగ్ నాటికి డిగ్రీ పాసైన మెమో చూపించలేకపోతే సీటు ఇవ్వరు.

రోజూ కాలేజీకి పోలేని పరిస్థితి ఉంటే

ఇంట్లో సంపాదించే మనిషి మీరే కావచ్చు, పెళ్లయి ఉండొచ్చు. డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982 నుంచి నడుస్తోంది, అదీ స్టేట్ యూనివర్సిటీయే. ఇంటర్ పాసైతే చాలు, మార్కుల మెరిట్ చూడరు. నల్గొండలో, మహబూబ్‌నగర్‌లో స్టడీ సెంటర్లు ఉన్నాయి, సెలవు రోజుల్లో క్లాసులు పెడతారు. ఆ డిగ్రీతో సీపీగెట్ రాసి రెగ్యులర్ పీజీకి క్యాంపస్‌కు పోవచ్చు.

ఇక చేరే రోజు సంగతి. టీసీ, టెన్త్ మెమో, ఇంటర్ మెమో, కులం, ఆదాయం, ఆధార్, ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, అన్నీ మూడు మూడు సెట్లు జిరాక్స్ తీసి, ఒరిజినల్స్‌ను ఫోన్‌తో ఫొటోలు తీసి పెట్టుకున్నాకే కాలేజీలో ఇవ్వండి. ఇచ్చినదానికి రసీదు అడగండి, మొహమాటపడొద్దు. చేరిన తర్వాత ఈ-పాస్ అనే ప్రభుత్వ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో స్కాలర్‌షిప్‌కు అప్లై చేయడం మర్చిపోవద్దు, అది దోస్త్‌తో పాటు దానంతట అదే అయ్యే పని కాదు, దానికి బయోమెట్రిక్, బ్యాంక్ ఖాతా, 75 శాతం హాజరు కావాలి. ఖాతా మీ సొంత పేరు మీద, ఆధార్ లింకై ఉండాలి. లేకపోతే అడ్మిషన్ అయిన రోజే బ్యాంకుకు పోయి జీరో బ్యాలెన్స్ ఖాతా తెరిపించుకోండి.